ట్రిగ్గర్ నొక్కనివాడు హంతకుడెప్పుడవుతాడు: దక్షిణాఫ్రికా టాక్సీ గొడవలు, ఉమ్మడి నేరబాధ్యత

దక్షిణాఫ్రికాలో టాక్సీ అంటే పదహారు సీట్ల మినీబస్సు. పొద్దున్నే టౌన్‌షిప్పుల (ఊరి అంచున ఎక్కువగా నల్లజాతి జనం ఉండే వాడల) నుంచి పనులకు బయల్దేరే జనంలో ఎక్కువమంది ఎక్కేది దీన్నే. మన దగ్గర షేర్ ఆటో చేసే పని అక్కడ చాలా పెద్ద ఎత్తున ఈ బళ్లు చేస్తాయి. బండి సొంతదే అయినా నచ్చిన రూట్లో తిప్పడానికి కుదరదు. ప్రభుత్వం ఇచ్చే ఆపరేటింగ్ లైసెన్సు ఉండాలి, ఆ రూటు మీద పట్టున్న టాక్సీ సంఘంలో సభ్యత్వం ఉండాలి. సంఘానికి చేరిక రుసుము కట్టాలి, ఆ తర్వాత చందాలు కడుతూనే ఉండాలి. 1987-88 ప్రాంతంలో ఆంక్షలు సడలించాక పర్మిట్లు విచ్చలవిడిగా ఇచ్చేశారు. బళ్లు పెరిగినంతగా గిరాకీ ఉన్న రూట్లు పెరగలేదు. అప్పటినుంచీ రూటు ఎవరిదన్న తగాదా తుపాకుల దాకా పోతూనే ఉంది. 2021 జూలైలో కేప్‌టౌన్‌లో కాటా, కొడెటా అనే రెండు పెద్ద సంఘాల మధ్య పార్ల్-బెల్‌విల్ రూటు కోసం రక్తపాతం జరిగితే, చివరికి ప్రభుత్వం ఆ రూటునే కొంతకాలం మూసేయాల్సి వచ్చింది.

ఈ హత్యల కేసులు కోర్టుకొచ్చినప్పుడు ఎప్పుడూ ఒకే చిక్కు. కాల్చినవాడు ఒకడు, మహా అయితే ఇద్దరు. బోనులో నిలబడేది పది మంది, పదిహేను మంది. ఏ తూటా ఎవరి తుపాకిలోంచి వచ్చిందో చాలాసార్లు తేలదు. మరి మిగతావాళ్ల మీద హత్యానేరం ఎలా నిలుస్తుంది? దానికి అక్కడి కోర్టులు వాడేది కామన్ పర్పస్ అనే సూత్రం. ఉమ్మడి ఉద్దేశంతో పనిచేసినవాళ్లలో ఒకరు చేసిన పనిని మిగతావాళ్లు కూడా చేసినట్టే లెక్కవేస్తారు. చావుకు నీ చెయ్యి కారణమని విడిగా రుజువు చేయక్కర్లేదు.

మన న్యాయం తెలిసినవాళ్లకు ఐపీసీ 34, 149 సెక్షన్లు గుర్తొస్తాయి. భారతీయ న్యాయ సంహితలో అవే ఇప్పుడు 3(5), 190. పోలిక ఉంది గానీ తేడా కూడా ఉంది. మన 190కి కనీసం ఐదుగురు ఉన్న చట్టవిరుద్ధ సమూహం కావాలి, అందులో సభ్యుడైతే చాలు. దక్షిణాఫ్రికాలో అలాంటి సంఖ్య లేదు. కానీ గుంపులో ఉన్నావన్నంత మాత్రాన సరిపోదు, నువ్వు ఏదో ఒక పని చేసి ఉండాలి. ఈ తేడా మీదే ఎన్నో కేసులు గెలిచాయి, ఓడాయి.

బాధ్యత అంటుకునే దారులు రెండు. ముందస్తు ఒప్పందం మొదటిది. అది మాటల్లో జరిగినా సరే, సైగల్లో జరిగినా సరే. ఒప్పందం రుజువైతే మనిషి ఘటనా స్థలంలో లేకపోయినా తప్పించుకోలేడు. రెండోది అప్పటికప్పుడు చేతులు కలపడం. ఒప్పందం లేనప్పుడు ఏమేం రుజువు కావాలో 1988లో తీర్పొచ్చిన ఎంగెడేజీ కేసు చెప్పింది. వాల్ రీఫ్స్ బంగారు గనిలో టీమ్ లీడర్లు ఉన్న గది మీద కార్మికులు దాడిచేసి చంపిన కేసు అది. మనిషి హింస జరిగిన చోట ఉండాలి. దాడి జరుగుతోందని అతనికి తెలియాలి. దాడి చేసేవాళ్లతో కలవాలన్న ఉద్దేశం ఉండాలి. ఆ ఉద్దేశాన్ని తాను చేసిన ఏదో ఒక పనితో బయటపెట్టాలి. చంపాలన్న తలంపు ఉండాలి, లేదా చావు జరగొచ్చని ముందే తోచి, అయితే కానీ అని సాగిపోయి ఉండాలి. ఈ అయిదింటిలో ఒక్కటి తప్పినా ఈ రెండో దారిలో హత్య నిలవదు.

ఆ తీర్పులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇంకొకటుంది. కింది కోర్టు గుంపును ఒక ముద్దగా చూసి శిక్ష వేయడాన్ని అప్పీలు కోర్టు తప్పుపట్టింది. ఒక్కో ముద్దాయి ఏం చేశాడో, అతని మీదున్న సాక్ష్యం ఏమిటో విడివిడిగా తూచాలంది. అప్పటికి కాస్త ముందు, 1987 డిసెంబరులో వచ్చిన సఫాట్సా తీర్పు పక్కన పెట్టి చూస్తే దీని అవసరం తెలుస్తుంది. షార్ప్‌విల్‌లో 1984 సెప్టెంబరు 3న డిప్యూటీ మేయర్‌ని జనం చంపిన కేసు అది. ఆరుగురికి ఉరిశిక్ష పడింది. అందులో ఒక స్త్రీ మీద రుజువైంది, 'మన మీద కాలుస్తున్నాడు, చంపేద్దాం' అని అరవడం, తగలబెట్టొద్దని వేడుకున్న ఇంకొకామెను చెంపదెబ్బ కొట్టడం. అంతే. ప్రపంచమంతా గొంతెత్తాక 1988లో ఆ ఉరిశిక్షలు ఆగాయి. అరుపు, చెంపదెబ్బ ఉరితాడు దాకా తీసుకెళ్లగలిగిన సూత్రం ఇది. అందుకే దీన్ని వాడేటప్పుడు చేతులు వణకాలి. రాజ్యాంగం వచ్చాక దీని మీద సవాలు వేస్తే, 2003లో థేబస్ కేసులో రాజ్యాంగ న్యాయస్థానం సూత్రం చెల్లుతుందంది. మాదకద్రవ్యాల వ్యాపారుల మీద నిరసనకెళ్లిన గుంపుకీ అవతలివాళ్లకీ మధ్య కాల్పుల్లో ఏడేళ్ల పాప చనిపోయిన కేసు. ముద్దాయిల్లో ఒకరు చేతిలో పికాసి కర్రతో నిలబడ్డాడు, ఇంకొకరు పేలిన తూటా గొట్టాలు ఏరాడు. ఇద్దరికీ హత్యానేరం ఖాయమైంది.

ఇప్పుడు టాక్సీ గొడవకొద్దాం. ఏ ఒక్క కేసూ కాదు, ఒక ఊహా సంఘటన అనుకోండి. రాత్రి సంఘం మీటింగు. 'రేపు మన రూట్లో వాళ్ల బండి ఒక్కటీ కనపడకూడదు' అని ఛైర్మన్ అన్నాడు. పొద్దున్నే నాలుగు బళ్లలో ఇరవై మంది గస్తీకి బయల్దేరారు. రెండో బండిలో రెండు రైఫిళ్లు. అవతలి సంఘం బండిని ఒక కూడలిలో అడ్డుకున్నారు. డ్రైవర్‌ని కాల్చి చంపారు. ఇప్పుడు మనుషుల్ని ఒక్కొక్కరిగా తీసుకోవాలి.

బండి అడ్డంపెట్టి దారి మూసినవాడు. ఉన్నాడు, చూశాడు, చేశాడు. అతని కేసంతా అయిదో ప్రశ్న మీదే: తుపాకులున్న సంగతి అతనికి తెలుసా? తెలిస్తే చావు తోచలేదంటే కోర్టు నమ్మదు. తెలియకపోతే, కర్రలతో బెదిరించి పంపేస్తారనుకున్నానన్న మాట నిజమయ్యే అవకాశం ఏ కొంచెం ఉన్నా హత్య నిలవదు. జాగ్రత్తగల మనిషికి చావు తోచాల్సిందని తేలితే తక్కువ స్థాయి నేరం, నిర్లక్ష్యపు నరహత్య, నిలవొచ్చు. ఒకరు చేసిన పని ఇంకొకరికి అంటుకుంటుంది గానీ ఒకరి మనసు ఇంకొకరికి అంటుకోదు. మనసు ఎవరిది వాళ్లదే రుజువు కావాలి. విచారణ కోర్టులు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. 'అందరూ కలిసే వచ్చారు కాబట్టి అందరికీ తెలిసే ఉంటుంది' అని రాసేస్తారు.

నాలుగో బండి డ్రైవర్. వంద మీటర్ల వెనక ఆగాడు, దిగలేదు. ముందస్తు ఒప్పందం రుజువు కాకపోతే, వెనక ఆగి కూర్చోవడం చేతులు కలపడం అవుతుందా? కాల్పులయ్యాక కాల్చినవాళ్లను ఎక్కించుకుని పోయాడని రుజువైతే కథ మారుతుంది. అదీ ముందే ఒప్పుకున్న పనైతేనే హత్య, లేకపోతే నేరం జరిగాక చేసిన సాయం. దానికి శిక్ష వేరు.

ర్యాంకులో, అంటే టాక్సీ స్టాండులో, టీ తాగుతూ చూస్తూ నిలబడ్డ అదే సంఘం సభ్యుడు. అతని మీద ఏమీ లేదు. సంఘం టీషర్టు వేసుకోవడం దాడిలో చేతులు కలపడం కాదు. చూడ్డం కాదు. ఆపకపోవడం కూడా కాదు.

తర్వాత పరుగెత్తుకొచ్చి కిందపడ్డ మనిషిని తన్నినవాడు. మొటౌంగ్ కేసు, 1990, ఇక్కడ దారి చూపిస్తుంది. ప్రాణం తీసే గాయం తగిలాక, మనిషి ఇంకా బతికుండగా చేరినవాడు హత్యకు కాదు, హత్యాయత్నానికే దోషి. ఎప్పుడు చేరాడో తేలకపోతే ఆ సందేహం ముద్దాయికే లాభం. అందుకే పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్‌ని 'ఏ గాయం ప్రాణం తీసింది, ఆ తర్వాత ఎంతసేపు బతికుండొచ్చు' అని అడగని డిఫెన్సు లాయరు పని సగంలో వదిలేసినట్టే.

ఇక ఛైర్మన్. అతను ఘటనా స్థలంలో లేడు, కాబట్టి ఎంగెడేజీ అయిదు ప్రశ్నలు అతనికి అతకవు. అతని మీద పోవాల్సింది ముందస్తు ఒప్పందం దారిలో, లేదా 1956 నాటి రైటస్ అసెంబ్లీస్ చట్టం 18(2) సెక్షన్ కింద కుట్ర, ప్రేరేపణ. 'కనపడకూడదు' అన్న మాటకు చంపమనే అర్థముందా? మాట ఒక్కటే చాలదు. డబ్బు కావాలి, ఫోన్లు కావాలి, లోపలి మనిషి కావాలి. అక్కడ ఇంకాబీలని పిలిచే కిరాయి హంతకులు పట్టుబడ్డా, డబ్బిచ్చినవాడి పేరు కోర్టు గదిలో పలకరు. ఈ వ్యవస్థలో నాకు కడుపు మండేది ఇక్కడే. నాలుగో బండి నడిపిన జీతగాడు దొరికినంత సులువుగా జీతమిచ్చినవాడు దొరకడు.

సాక్ష్యం ఎక్కడ కూడుతుందో, ఎక్కడ జారుతుందో చూద్దాం. ఫోన్ రికార్డుల కోసం క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, 1977, సెక్షన్ 205 వాడతారు. టవర్ వివరం ఫోన్ ఆ చుట్టుపక్కల ఉందని చెబుతుంది, చేతిలో ఏముందో చెప్పదు. ఖాళీ తూటా గొట్టాలు 5.56 మి.మీ. అయితే ఆర్5 రకం రైఫిల్, 7.62 అయితే ఏకే అని అనుమానించొచ్చు. ఎన్ని తుపాకులు పేలాయో బాలిస్టిక్స్ (తూటాల, గొట్టాల పరీక్ష) చెబుతుంది, వాటిని పట్టుకున్నది ఎవరో చెప్పదు. లోపలి మనిషి దొరికితే సెక్షన్ 204 కింద సాక్షిగా పెడతారు. దాచకుండా, నిజాయితీగా జవాబులిచ్చాడని కోర్టు అనుకుంటేనే అతనికి విముక్తి. తన మెడ తప్పించుకోవడానికి ఇంకొకరి మెడకు తగిలించే ఆశ అతనికి ఉంటుంది కాబట్టి, ఆ సాక్ష్యానికి బయటి ఊతం వెతుకుతారు. ఊతం లేని 204 సాక్షి మీదే కట్టిన కేసు క్రాస్ ఎగ్జామినేషన్‌లో రెండో రోజుకే ఒరిగిపోతుంది.

ఒక ముద్దాయి పోలీసుల దగ్గర ఇచ్చిన వాంగ్మూలంలో 'ఫలానావాడు కూడా ఉన్నాడు' అని ఉంటే దాన్ని ఆ ఫలానావాడి మీద వాడకూడదు. 2014లో లిటాకో కేసులో బ్లూమ్‌ఫౌంటీన్ అప్పీలు కోర్టు ఇది తేల్చేసింది. పదిహేను మంది ఉన్న కేసుల్లో ఈ గీత పదే పదే చెరిగిపోతుంటుంది. ఛార్జిషీటులోనే కామన్ పర్పస్ మీద ఆధారపడుతున్నామని రాయాలి. రాయకుండా చివరి వాదనలో తెస్తే ఏమవుతుందో 2017 నాటి ఎంసిమాంగో తీర్పు చూపించింది: ఆ నేరం మీద శిక్ష రద్దయింది. ప్రాసిక్యూటర్ ఒక్క వాక్యం రాయకపోతే ఇంత నష్టం.

కామన్ పర్పస్ అని రాస్తే బెయిల్ దగ్గరే బరువు తెలుస్తుంది. అలాంటి హత్య క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలోని ఆరో షెడ్యూల్ నేరం. అదే చట్టం సెక్షన్ 60(11)(ఎ) ప్రకారం, తనను వదలడానికి అసాధారణ పరిస్థితులున్నాయని ముద్దాయే చూపాలి. కుటుంబం ఉంది, ఇల్లుంది అంటే చాలదు. శిక్ష కూడా అంతే. 1997 నాటి 105వ చట్టం, సెక్షన్ 51 ప్రకారం ఉమ్మడి ఉద్దేశంతో చేసిన హత్యకు జీవిత ఖైదు. తగ్గించాలంటే బలమైన, గట్టి కారణాలు కోర్టు రికార్డు చేయాలి. 25 ఏళ్లు గడిచేదాకా పెరోల్ మాటే ఉండదు. దారి మూసినవాడికీ, కాల్చినవాడికీ మొదలయ్యే గీత ఒకటే. పాత్ర చిన్నదని చూపించే పని శిక్ష దశలో ఒట్టి వేడుకోలుగా కాకుండా సాక్ష్యంతో చేయాలి.

మధ్యలో వెనక్కి తగ్గినవాడి సంగతి. 2004లో తీర్పొచ్చిన ముసింగాడి కేసు ప్రకారం, పని ఎంత ముందుకు పోతే వెనక్కి రావడానికి అంత ఎక్కువ చేయాలి. రాత్రి మీటింగులోనే 'నేను రాను' అని చెప్పి ఇంటికి పోతే సరిపోవచ్చు. పొద్దున్నే బండెక్కి, రైఫిళ్లు చూసి, కూడలి దగ్గర మనసు మారితే ఊరికే జారుకోవడం చాలదు. మిగతావాళ్లకు తెలిసేలా చెప్పాలి, ఆపే ప్రయత్నం చేయాలి, వీలైతే పోలీసులకు చెప్పాలి. భయమేసి పారిపోవడం వేరు, తెగతెంపులు చేసుకోవడం వేరు.

తుపాకులు కలిగి ఉన్నారని విడిగా పెట్టే నేరారోపణ కూడా ఉంటుంది. హత్యలో ఉమ్మడి ఉద్దేశం రుజువైతే ఆయుధం కూడా అందరిదీ అయిపోయిందని ప్రాసిక్యూషన్ తేలిగ్గా అనేస్తుంది. అలా కాదని ఎంబులి తీర్పు చెప్పింది. గుంపంతా ఆ తుపాకీని పట్టుకున్నవాడి ద్వారా తామే కలిగి ఉండాలనుకున్నారనీ, అతను కూడా అందరి తరఫునే దాన్ని పట్టుకున్నాడనీ రుజువు కావాలి. రెండో బండిలో రైఫిలుందని తెలిసినంత మాత్రాన నాలుగో బండి డ్రైవర్ దాన్ని కలిగి ఉన్నట్టు కాదు. ఈ ఒక్క ఆరోపణ మీద అప్పీలుకు వెళ్లి, హత్య నిలిచినా ఆయుధ నేరం కొట్టేయించుకున్నవాళ్లున్నారు.