తొలి ఆటకు పోర్చుగల్

ఏదో ఒక రాజ్యాన్ని ఎంచుకుని నడిపించే కంప్యూటర్ వ్యూహ క్రీడ యూరోపా యూనివర్సాలిస్ 4. ఈ ఆట 1444 నవంబరు 11న, అంటే ఒట్టోమన్ తుర్కులు క్రైస్తవ సేనలను ఓడించిన వార్నా యుద్ధం జరిగిన మరునాడు మొదలవుతుంది. చరిత్ర మీది మోజుతో నేను మొదట బైజాంటియంను (కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యాన్ని) ఎంచుకున్నాను. ఒట్టోమన్ సేనలు కాన్‌స్టాంటినోపుల్‌ను ముట్టడించేసరికి కిరాయి సైనికులకు ఇవ్వడానికైనా ఖజానాలో డబ్బు లేదు. (చరిత్రలో ఆ నగరం 1453 వరకు నిలిచింది, నా చేతిలో అంతకాలం కూడా నిలవలేదు.)

చివరికి పోర్చుగల్‌కు మారాను. ఐబీరియాలో (నేటి స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పంలో) దానికి సరిహద్దు ఒక్క కాస్టీల్ రాజ్యంతోనే కాబట్టి, ఆ రాజ్యంతో పొత్తు కుదుర్చుకున్నాక వాణిజ్యం, నౌకాదళం, వలసల స్థాపన ఒక్కొక్కటిగా, తీరిగ్గా నేర్చుకునే వీలు దొరికింది. ఒట్టోమన్లతో మొదలుపెట్టడమే సులువని చాలామంది అంటారు గానీ, అంత పెద్ద సైన్యంతో గెలిస్తే ఎందుకు గెలిచామో కొత్తవారికి బోధపడదని నా అభిప్రాయం. నిన్న రాత్రి నా అన్వేషక నౌకలు మొదటిసారి బ్రెజిల్ తీరాన్ని చూశాయి.