నుదుటి మచ్చ, తలలో సెలైన్ బెలూన్లు

ఎడమ కనుబొమ్మ పైనుంచి జుట్టులోకి అరచేయంత నల్లమచ్చ ఉండేది నాకు. పుట్టినప్పుడు అందులో సగమే వెడల్పట, నాతోపాటే పెరిగింది. పదేళ్లొచ్చేసరికి దానిమీద ముతక వెంట్రుకలు కూడా మొలిచాయి. అది ఎందుకొచ్చిందో తెనాలిలో మా వీధి మొత్తానికి తెలుసు: అమ్మ కడుపుతో ఉండగా గ్రహణం రోజు వంకాయలు తరిగింది. నానమ్మ ఈ మాట పండక్కీ పబ్బానికీ తీసేది. తరిగిన సంగతి నిజమే కాబట్టి అమ్మ నోరెత్తేది కాదు.

చిన్నప్పుడు ఎవరో చెప్పారని జీడిరసం రాశారు. పొక్కిపోయి పుండు పడింది. పుండు మానింది గానీ మచ్చ అలాగే ఉంది, అంచున ఇంకో గోధుమరంగు మరక అదనంగా మిగిలింది. దయచేసి పిల్లల మచ్చలకి జీడి, సున్నం, యాసిడ్ రాయకండి.

ఉద్యోగంలో చేరాక నేనే గుంటూరులో చర్మం డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను, అమ్మని వెంటబెట్టుకుని. ఫోన్లో ప్రకటనలు చూసి లేజర్ చేయించుకుందామని నా ప్లాను. ఆవిడ భూతద్దం పెట్టి చూసి, ఇది కంజెనిటల్ మెలనోసైటిక్ నీవస్, అంటే పుట్టుకతో వచ్చే నల్లమచ్చ అన్నారు. పిండం ఏర్పడే తొలివారాల్లో రంగునిచ్చే కణాలు వెన్ను వైపు నుంచి చర్మంలోకి వలస వెళ్తాయట. వాటిలో ఏదో ఒక్క కణంలో, ఎక్కువగా ఎన్‌రాస్ అనే జన్యువులో, మార్పు వస్తే దాని సంతానమంతా ఒకచోట గుంపుగా పేరుకుంటుంది. తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు, పిల్లలకి సంక్రమించడం కూడా బహు అరుదు.

"గ్రహణం రోజు కత్తిపీట ముందు కూర్చున్నానండి," అంది అమ్మ. ఇన్నేళ్లకి తన నోటితో ఆ మాట అనడం అదే మొదలు.

"చూడండమ్మా, నూరుమంది పిల్లల్లో ఒకరికి చిన్నదో పెద్దదో ఇలాంటి మచ్చ ఉంటుంది. గ్రహణం పట్టింపే లేని దేశాల్లోనూ అంతే. మీరు తరిగినా ఇదే, తరక్కపోయినా ఇదే."

ఆ రాత్రి అమ్మ నానమ్మకి ఫోన్ చేసింది. ఏమందో గోడ ఇవతల నాకు బాగానే వినబడింది, ఇక్కడ రాయను.

లేజర్ సంగతి డాక్టరుగారు మొహమాటం లేకుండా చెప్పేశారు. పైపై రంగు తగ్గుతుంది; కానీ ఈ కణాలు వెంట్రుకల కుదుళ్ల చుట్టూ లోతుగా ఉంటాయి కాబట్టి నలుపు మళ్లీ రావచ్చు. క్యాన్సర్ భయంతో తీయించుకోవాల్సిన పనీ లేదన్నారు. నా మచ్చలాంటి సైజుకి ఆ ముప్పు నూటికి ఒకటి కంటే తక్కువ. గడ్డలా లేచినా, రక్తం కారినా, రంగు మారినా వెంటనే చూపించాలి. పెద్దయ్యాక 20 సెంటీమీటర్లు దాటేంత మచ్చతో పుట్టినవాళ్ల సంగతి వేరు; వాళ్లకి ముప్పు ఎక్కువ, పసితనంలోనే మెదడుకి ఎమ్మారై కూడా అవసరం పడొచ్చు. నేను తీయించుకున్నది నాకు నచ్చక. అంతకంటే కారణం అక్కర్లేదనుకుంటాను.

కోసి కుట్టేయడానికి మచ్చ మరీ వెడల్పు. తొడ చర్మం తెచ్చి అతికిస్తే మాసిక వేసినట్టే కనబడుతుంది. ప్లాస్టిక్ సర్జన్ చెప్పిన దారి ఎక్స్‌పాండర్. వార్డులో అందరూ బెలూన్ అనేవారు. మచ్చ పక్కన మంచి చర్మం కింద ఖాళీ సిలికాన్ సంచి పెట్టి, గాయం మానాక వారం వారం సన్న సూదితో సెలైన్ ఎక్కిస్తారు. ఆ ఒత్తిడికి చర్మం ఊరికే సాగదు, కొత్త కణాలు పుట్టి నిజంగానే పెరుగుతుంది, నెలలు నిండే కొద్దీ పొట్ట చర్మం పెరిగినట్టు. 1957లో న్యూమన్ అనే వైద్యుడు చెవి దగ్గర రబ్బరు బెలూన్ పెట్టి ఈ పని చేశాడని తర్వాత చదివాను.

నాకు రెండు పెట్టారు: నుదుటి చర్మం నుదుటికి, తల చర్మం తలకి కావాలి కదా. సెలైన్ ఎక్కించిన రోజు తలంతా బిగుసుకుపోయేది. చర్మం తెల్లబోతే డాక్టరు ఆపేసి కొంచెం వెనక్కి లాగేసేవారు. మర్నాటికి నొప్పి సర్దుకునేది. అసలు కష్టం నిద్ర. ఏ పక్కకి తిరిగినా ఒత్తుకునేది, వెల్లకిలా పడుకోవడం నాకు చేతకాదు. చివరి వారాలకి రెండు బొడిపెలూ చున్నీ కింద దాగడం మానేశాయి. బస్సులో ఓ బుడ్డోడు, "అక్కా, నీకు కొమ్ములొస్తున్నాయా?" అన్నాడు. వాళ్లమ్మ వాడి వీపు మీద ఒకటేసింది. నాకు మాత్రం ఆ నెలంతట్లో మనసారా నవ్వొచ్చింది అప్పుడే. కాస్త ఎర్రబడినా, జ్వరం తగిలినా పరుగెత్తుకు రమ్మన్నారు. ఇన్‌ఫెక్షన్ వస్తే సంచి తీసేసి మొదటికి రావాల్సిందేనట. అదృష్టం, నాకు రాలేదు.

రెండో ఆపరేషన్లో సంచులు తీసి, మచ్చ కోసేసి, పెరిగిన చర్మాన్ని లాగి కుట్టారు. తీసిన ముక్క బయాప్సీకి వెళ్లింది. మామూలు నీవస్సే, క్యాన్సర్ లేదని రాసిచ్చారు. అమ్మ ఆ కాగితం జిరాక్స్ తీయించి నానమ్మకి పంపింది. పెద్దావిడ చదవలేదు, దాచుకుందట.

కుట్ల గీత ఏడాది పాటు ఎర్రగానే ఉంటుందన్నారు, అలాగే ఉంది. రోజూ సిలికాన్ జెల్, ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్. కుట్టు వెనక తల ఇంకా మొద్దుబారే ఉంది, దువ్వెన తగిలినా తెలియదు. తల చర్మం పెరిగినా కొత్త కుదుళ్లు పుట్టవు, ఉన్నవే దూరదూరంగా జరుగుతాయి. అందుకే ఆ వైపు జుట్టు పలచన. ఎడమ కనుబొమ్మ కుడిదానికంటే రవ్వంత పైకి పోయింది. చిన్న ఆపరేషన్‌తో దించేస్తామంటున్నారు. మత్తు దిగాక వచ్చే ఆ వాంతులు ఇంకోసారి నా వల్ల కాదు, వద్దన్నాను.