చిగుళ్లు పెరిగాయా? పంటి డాక్టరుకి మీ మాత్రల చీటీ కూడా చూపించండి

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ నిండా మన తెలుగువాళ్లే, ఊరి నుంచి పెద్దవాళ్లు వస్తే పంటి డాక్టరు దగ్గరికి వెళ్లక తప్పదు, అందుకే ఇది రాస్తున్నాను. మా నాన్నకి చిగుళ్లు పెరిగి ముందుపళ్లు సగం మూసుకుపోయాయి. అనంతపురంలో అందరూ వేడి చేసిందన్నారు. ఇక్కడి డాక్టరమ్మ నోరు చూడగానే అడిగిన మొదటి మాట, "బీపీకి ఏం వాడుతున్నారు అంకుల్?" అని.

ఆమ్లోడిపిన్ వాడుతున్నారు. ఆ మాత్ర కొందరికి చిగుళ్లను పెంచుతుంది. మూర్ఛకి వాడే ఫెనిటోయిన్, కిడ్నీ మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోస్పోరిన్ కూడా అంతే, పళ్ల మీద పాచి ఉంటే ఇంకా ఎక్కువ. అలాగని దయచేసి బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపకండి! ఆ మందు రాసిన డాక్టరుతో మాట్లాడితే, కుదిరితే ఆయనే మారుస్తారు.

ఇక చిగుళ్ల సర్జరీ సంగతి. ముందు స్కేలింగ్ (పళ్ల క్లీనింగ్) చేసి, పంటి వేళ్ల దాకా గార తీసి, కొన్ని వారాలు ఆగి మళ్లీ చూస్తారు. చాలామందికి అక్కడితోనే వాపు తగ్గిపోతుంది. పంటికీ చిగురుకీ మధ్య సందు 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే మామూలే, 5 దాటి ఇంకా రక్తం వస్తుంటే మాత్రం సర్జరీ గురించి ఆలోచిస్తారు. లోపల పంటిని పట్టి ఉంచే ఎముక బాగుండి కండ మాత్రమే పెరిగితే అదనంగా ఉన్నది కోసి తీసేస్తారు, దాన్ని జింజివెక్టమీ అంటారు, లేజర్‌తో కూడా చేస్తారు. ఎముక అరిగితే ఫ్లాప్ సర్జరీ: చిగురుని తెరిచి, వేరు శుభ్రం చేసి, అవసరమైన చోట ఎముక పొడి పెట్టి కుట్లు వేస్తారు. రెండూ మత్తు ఇంజెక్షన్ ఇచ్చే చేస్తారు, అదే రోజు ఇంటికి వచ్చేయొచ్చు.

ఫ్లాప్ తర్వాత పళ్లు పొడుగ్గా కనిపిస్తాయి, చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది. ఇది ముందే తెలిస్తే టెన్షన్ ఉండదు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు ఊడిపోతాయని మనవాళ్లలో ఒక భయం ఉంది చూడండి, దానివల్లే ఎంతమంది ఎముక అరిగేదాకా ఆగుతున్నారో! పంటిని వదులు చేసేది చిగుళ్ల జబ్బే, ఇన్నాళ్లూ గార పట్టి ఉంచింది కాబట్టి కదలిక తెలియలేదంతే.

షుగర్ అదుపులో లేకపోయినా, సిగరెట్ మానకపోయినా గాయం త్వరగా మానదు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ విషయం సర్జరీ డేట్ తీసుకునేటప్పుడే చెప్పేయండి.