పది పూసలు ఫాదర్ గారి కోసం

పోయినేడాది పవిత్ర శుక్రవారం, అదే గుడ్ ఫ్రైడే, మధ్యాహ్నం మూడింటికి అందరం గుడిలో ఉన్నాం. ఆ రోజు పూజ ఉండదు కదా, పీఠం మీద గుడ్డ ఉండదు, కొవ్వొత్తి ఉండదు, గంట కూడా కొట్టరు, పాటేమీ లేకుండానే ఫాదర్ గారు ఎర్ర వస్త్రాల్లో మెల్లగా నడుచుకుంటూ వచ్చి పీఠం ముందు నేల మీద బోర్లా పడుకున్నారు. జనమంతా మోకాళ్ళ మీద ఉన్నారు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడట్లేదు. నేను ఆడవాళ్ళ వైపు ముందు వరసలో ఉండబట్టి ఆయన పాదాలు సరిగ్గా నా కళ్ళెదురుగా ఉన్నాయి. మా వైపు ఫాదర్లు పీఠం దగ్గర చెప్పులేసుకోరు. మడమలు రెండూ నెర్రెలిచ్చిపోయి ఉన్నాయి, ఒక నెర్రెలో నల్లమట్టి ఎండిపోయి కనపడింది. పొద్దున ప్రభువు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ ఒక్కో స్థలం దగ్గర ఆగి జపం చెప్పే సిలువ మార్గం చేలగట్ల మీదుగా చెప్పుల్లేకుండా నడిచాం, ఆ మట్టే అది, కాళ్ళు కడుక్కున్నా పోలేదు. మా మనవరాలు, నాలుగేళ్ళది, నా కొంగు లాగి "అమ్మమ్మా, ఫాదర్ గారు పడిపోయారా?" అంది. "లేదు తల్లీ, ప్రార్థన చేసుకుంటున్నారు" అన్నాను. "మరి ఆయన కోసం ఎవరు చేత్తారు?" అంది.

చిన్నపిల్ల ఏదో అడగాలని అడిగింది, వెంటనే మర్చిపోయింది కూడా. నాకు మాత్రం అప్పట్నించీ ఆ మాట వదల్లేదు. ఇంట్లో జ్వరమొస్తే ఫాదర్ గారూ ప్రార్థన చెయ్యండి అంటాం, పిల్లాడి ఇంటర్ పరీక్షలకి, అమ్మాయి సంబంధానికి, చెరువులో రొయ్యకి తెగులొస్తే దానికి కూడా ప్రార్థన చెయ్యమని అడుగుతాం, చచ్చిపోయినవాళ్ళ పేరు మీద పూజ చెప్పించుకుంటాం. యాభై ఏళ్ళు దాటిన దాన్ని, ఒక్క ఫాదర్ గారి పేరు పెట్టి జపమాలలో పూర్తిగా ఒక పదిపూసలైనా చెప్పానా అని వెనక్కి తిరిగి చూసుకుంటే గట్టిగా ఒక్కటీ గుర్తు రాలేదు. అందుకే ఈస్టరుకి ముందొచ్చే ఈ తపస్సు కాలంలో, మొదటి రోజైన విభూది బుధవారం నుంచి, రోజూ సాయంత్రం జపమాలలో దుఃఖ దేవ రహస్యాలు ఫాదర్ల కోసం చెప్తున్నాను, అంటే ప్రభువు శ్రమల్లో అయిదు ఘట్టాలు తలుచుకుంటూ ఒక్కోదానికి పది పూసలు. అది ఎలా జరుగుతుందో, ఏం అర్థమవుతోందో రాద్దామనిపించింది.

ముందు మా నాన్న గురించి చెప్పాలి. నాన్న ఉపదేశి. ఏలూరు మేత్రాసనం, అంటే ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం, 1976లో వేరుపడింది, అంతకుముందు మేమంతా బెజవాడ కింద ఉండేవాళ్ళం, నాన్న ఆ రోజుల నుంచీ ఉపదేశే. అప్పట్లో మా ఊరికి ఫాదర్ గారు నెలకోసారి వస్తే గొప్ప. మిగతా ఆదివారాలు నాన్నే జపాలు చెప్పించేవారు. ఫాదర్ గారొచ్చి వెళ్ళిన రాత్రి మాత్రం మమ్మల్ని అందర్నీ కూర్చోబెట్టి ఆయన క్షేమంగా ఇల్లు చేరాలని ఒక పరలోక జపం, మూడు మంగళవార్త జపాలు చెప్పించేవారు. నాకు నిద్రొచ్చేది. అదెందుకో అప్పుడు ఆలోచించలేదు, నాన్న పోయాక మా ఇంట్లో అది ఆగిపోయింది.

ఇంకో సంగతి. గుడిలో పీఠం గుడ్డలు ఉతికే పని కొన్నేళ్ళుగా నేనే చేస్తున్నాను. పానపాత్ర తుడిచే చిన్న గుడ్డని మామూలు బట్టల్తో కలపకూడదు, ముందు విడిగా నీళ్ళలో జాడించి ఆ నీళ్ళు మోరీలో పొయ్యకుండా మట్టిలో పొయ్యాలి, నేను గన్నేరు మొదట్లో పోస్తాను. ఒక ఆదివారం సాయంత్రం ఆ గుడ్డలు ఇచ్చేసి, ఇంట్లో చేసిన మామిడికాయ పప్పు కారేజీలో పట్టుకుని ఫాదర్ గారి బంగళాకి వెళ్ళాను. "స్తోత్రం ఫాదర్ గారూ" అంటే "రండమ్మా" అన్నారు. మా విచారణ కింద, అంటే ఈ ఒక్క ఫాదర్ గారి కింద, ఏడు ఊళ్ళున్నాయి, ఆ రోజు పొద్దుట్నించీ మూడు పూజలు, ఒక జ్ఞానస్నానం, సాయంత్రం ఒక భూస్థాపన. ఎనిమిదిమంది కూర్చునే పెద్ద టేబుల్, పాతకాలం ఫాదర్లు చేయించిందట, దాని మీద ఓ మూల ఒక్క స్టీలు పళ్ళెం, పొద్దుటి అన్నం, గోంగూర పచ్చడి, పక్కన మంచినీళ్ళ గ్లాసు. మిగతా టేబులంతా జ్ఞానస్నానం రిజిస్టర్లు, ఎవరో తెచ్చిన పెళ్ళి శుభలేఖలు. పప్పు పళ్ళెంలో వేసుకుని "మా అమ్మ కూడా ఇలాగే పులుపు ఎక్కువేసేదమ్మా" అన్నారు, అంతకుమించి ఏమీ అనలేదు. ఆయనకి మా అబ్బాయి వయసుంటుందేమో. ఊరి జనమంతా పొద్దున చుట్టూ ఉన్న మనిషి రాత్రి ఆ టేబుల్ మూల ఒక్కడే కూర్చుని తింటాడని నేను ఎప్పుడూ అనుకోలేదు.

అప్పట్నించి పూజ చూసే తీరే మారిపోయింది నాకు. పూజలో ఫాదర్ గారు గట్టిగా చెప్పేవి మనకి వినపడతాయి, మెల్లగా తనలో తను చెప్పుకునేవి కూడా ఉన్నాయి, అవి మనకి వినపడవు. సాక్రిస్టీలో, అదే పూజ సామాను ఉంచే గదిలో, గుడ్డలు సర్దుతూ పూజాగ్రంథం తెరిచి ఉంటే సిస్టర్ గారిని అడిగి చూశాను. సువార్త చదివే ముందు తన గుండెనీ పెదాల్నీ శుభ్రం చెయ్యమని అడుగుతారు. చేతులు కడుక్కునేటప్పుడు తన దోషం కడగమని, పాపం నుంచి శుద్ధి చెయ్యమని అడుగుతారు. సత్ప్రసాదం, అంటే ప్రభువు శరీరంగా తీసుకునే అప్పం, తీసుకునే ముందు ఒక ప్రార్థన ఉంది, నన్ను నీ నుంచి ఎన్నటికీ వేరు కానివ్వకు అని. అది చదివినప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంటే ప్రతి రోజూ పీఠం దగ్గర నిలబడి ఆయన కూడా భయపడుతున్నారన్నమాట, దేవుణ్ణి చేతుల్లో పట్టుకుని కూడా విడిపోకుండా చూడమని అడుక్కుంటున్నారన్నమాట.

ద్రాక్షారసంలో ఒక్క చుక్క నీళ్ళు కలుపుతారు చూడండి, అప్పుడు కూడా మెల్లగా ఒక మాట చెప్పుకుంటారు, ఈ నీళ్ళూ రసమూ కలిసే రహస్యం వల్ల మన మనిషితనం పంచుకున్న క్రీస్తు దైవత్వంలో మనకి భాగం దొరకాలని. ఇప్పుడు నేను ఆ చుక్క కోసం కాచుకుని ఉంటాను. చిన్న గాజు సీసా వంచుతారు, చుక్క జారుతుంది, రసంలో పడ్డాక మళ్ళీ ఎవరూ విడదియ్యలేరు. మా ఊరి బోదెలో పారే గోదారి నీళ్ళే వడగట్టి కాచి గుడిలో పెడతాం, ఆ చుక్క మా నీళ్ళే. ఆ క్షణంలో మా ఫాదర్ గారి పేరు మనసులో చెప్పి, యేసయ్యా ఈయన్ని నీలో కలుపుకో అంటాను. దేవ రహస్యం అంటే ఏదో అర్థంకాని లెక్క అనుకునేదాన్ని చిన్నప్పుడు. ఇప్పుడు అలా అనిపించట్లేదు, ఎదురుగా ఉండి కూడా పూర్తిగా కనపడనిది, చూసేకొద్దీ ఇంకా లోపలికి పిలిచేది అనిపిస్తోంది.

ఇక జపమాల. మొదటి దుఃఖ రహస్యం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోతున్నాను, గెత్సేమని తోట. అదే రాత్రి భోజనం దగ్గర ప్రభువు పేతురుతో నీ విశ్వాసం తప్పిపోకుండా నేను నీ కోసం ప్రార్థించాను అంటారు, లూకా సువార్త 22లో ఉంది. యోహాను 17లో ఎక్కువ భాగం శిష్యుల కోసం తండ్రిని బతిమాలడమే. అంటే గురువుల కోసం, మన ఫాదర్ల కోసం, మొట్టమొదట ప్రార్థన చేసింది ప్రభువే, అదీ తను చావబోయే ముందు రాత్రి. తర్వాత తోటలోకెళ్ళి ఒక్క గంట నాతో మెలకువగా ఉండలేరా అని అడిగితే వాళ్ళు నిద్రపోయారు. నాకు ఆ టేబులు, ఆ ఒక్క పళ్ళెం గుర్తొస్తాయి. రాత్రి పది దాటాక బంగళాలో లైటు వెలుగుతుంటే ఊళ్ళో మనం అందరం నిద్రపోతాం. మొదటి పది పూసలు ఒంటరిగా ఉన్న ఫాదర్లకి, తన గురుపిలుపు మీదే అనుమానమొచ్చి ఎవరికీ చెప్పుకోలేని వాళ్ళకి.

రెండోదీ మూడోదీ, ప్రభువుని కొరడాలతో కొట్టింది, ముళ్ళ కిరీటం పెట్టింది, నిందలు పడేవాళ్ళకి చెప్తాను. మన ఊళ్ళల్లో ఇది చాలా ఉందండి. ప్రసంగం పొడుగైతే ఒక మాట, పొట్టిదైతే ఒక మాట, పండగ లెక్కలు అడిగితే గొడవ, అడక్కపోతే గొడవ. కులం పేరెత్తి ఈయన మనోడు కాదు అనేవాళ్ళని నా చెవులారా విన్నాను, అదే నోటితో ఆయన చేతి సత్ప్రసాదం తీసుకున్నారు. 2022లో పూల ఆంథోనీ గారు కార్డినల్ అయితే మన తెలుగువాళ్ళల్లో మొదటి కార్డినల్, దళితుల్లోనూ ఆయనే మొదటివారు అని మేమంతా ఎంత సంతోషపడ్డామో, ఊళ్ళోకొచ్చేసరికి మాత్రం ఆ సంతోషం నిలబడట్లేదు. ఇది నాకు బాధ.

నాలుగోది ముసలి ఫాదర్లకి, జబ్బు పడ్డవాళ్ళకి. అయిదోది చావు బతుకుల్లో ఉన్నవాళ్ళకి, గురుత్వం వదిలేసి వెళ్ళిపోయినవాళ్ళకి. తప్పు చేసినవాళ్ళకి కూడా. ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పాలి. ప్రార్థన అంటే తప్పుని కప్పిపెట్టడం కాదు. ఎవరికైనా అన్యాయం జరిగితే ముందు ఆ బాధపడ్డవాళ్ళ పక్కన నిలబడాలి, చెప్పాల్సిన చోట చెప్పాలి, అది చేశాకే ఈ పది పూసలకి అర్థం. హెబ్రీయులకు రాసిన లేఖ అయిదో అధ్యాయంలో ప్రధాన యాజకుడు కూడా బలహీనుడే, జనం పాపాలకే కాదు తన పాపాలకి కూడా బలి అర్పించాలి అని ఉంటుంది. అది చదివితే ఫాదర్లని దేవుళ్ళని చెయ్యబుద్ధి కాదు, పడేసి తొక్కబుద్ధీ కాదు.

ఫ్రాన్సు దేశపు పునీతురాలు చిన్న తెరేజమ్మ ఇది పధ్నాలుగేళ్ళకే తెలుసుకుంది. 1887లో రోముకి యాత్ర వెళ్ళినప్పుడు చాలామంది గురువుల్ని దగ్గరగా చూసి వీళ్ళు కూడా బలహీనులే, వీళ్ళకి ప్రార్థన ఎంత అవసరమో అనుకుంది. తర్వాతి ఏడాది కార్మెలు కన్యాస్త్రీల మఠంలో చేరి, తను వచ్చింది ఆత్మల కోసం, ముఖ్యంగా గురువుల కోసం ప్రార్థించడానికి అని చెప్పింది. చివర్లో క్షయతో నడవలేని స్థితిలో కూడా నడుస్తూ, ఎక్కడో అలసిపోయిన ఒక మిషనరీ కోసం ఈ అడుగులు అనేదట. ఇరవై నాలుగేళ్ళకే పోయింది. నా మోకాళ్ళ నొప్పులకి ఆ మాట బాగా పనికొచ్చింది, గుడి మెట్లు ఎక్కేటప్పుడు ఇప్పుడు నేనూ అదే అనుకుంటున్నాను.

ఫ్రాన్సులో పల్లె ఫాదర్ గారిగా ఉండి పునీతుడైన జాన్ వియాన్నీ గారి గురించి ఫాదర్లు చాలాసార్లు చెప్తారు, లాటిన్ రాక చదువులో కష్టపడ్డారని, ఆర్స్ అనే చిన్న పల్లెలో రోజుకి పదహారు గంటల దాకా జనం తమ పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనాలు విన్నారని. ఆయనే ఆ ఊరు వదిలి ఎక్కడైనా మఠంలో ఏకాంతంగా బతుకుదామని ఒకటికి రెండుసార్లు వెళ్ళిపోబోయారని మాత్రం ఎక్కువ చెప్పరు. 1929లో విచారణ గురువులందరికీ పాలక పునీతుడిగా ప్రకటించింది ఆయన్నే. నాకైతే ఆ వెళ్ళిపోబోయిన సంగతి వల్లే ఆయన మీద ఎక్కువ నమ్మకం కుదిరింది.

మొన్నామధ్య మార్చి 25 మంగళవార్త పండగకి గౌరీపట్నం నిర్మలగిరి వెళ్ళాం. ఆ పండగ ఎప్పుడూ తపస్సు కాలంలో గానీ ఆ దగ్గర్లో గానీ వస్తుంది. కొండ మీద జనం జనం. ఒక పక్క చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్ద వయసు ఫాదర్ గారు ఊదారంగు పట్టీ మెడలో వేసుకుని పాపసంకీర్తనాలు వింటున్నారు. మేము పైకెళ్ళి సిలువ మార్గం చేసుకుని, మరియమ్మ తల్లికి కొవ్వొత్తి పెట్టి, పులిహోర తిని వచ్చినా ఆయన అదే కుర్చీలో ఉన్నారు, నీడ జరిగిపోయి ఎండ సగం మొహం మీద పడుతోంది. లైన్లో నిలబడ్డవాళ్ళు తమ వంతు కోసం చూస్తున్నారు తప్ప ఎవరికీ కుర్చీ జరపాలని తోచలేదు. మా ఆయన వెళ్ళి "ఫాదర్ గారండీ, కొంచెం ఇటు జరుగుదురా" అని కుర్చీ నీడలోకి లాగి, నీళ్ళ బాటిల్ ఇచ్చి వచ్చారు. ఇంటికొచ్చాక ఆ పూట జపమాల ఆ ఫాదర్ గారికి చెప్పాం, పేరు తెలీదు, దేవుడికి తెలుసు కదా.

ఉపవాసం సంగతి కూడా ఒక మాట. శుక్రవారం మాంసం మానెయ్యడం నియమం, చేప తినొచ్చు. కానీ మా గోదారోళ్ళకి కొరమీను పులుసు పెట్టి ఉపవాసం అంటే మనసొప్పదు. అందుకని ఈ ఏడు మా ఇంట్లో శుక్రవారాలు చేప కూడా తేవట్లేదు, ఆ డబ్బులు ఒక డబ్బాలో వేసి సెమినరీలో చదువుకునే పిల్లల ఖర్చుకి ఇద్దామని ఒప్పుకున్నాం.

పవిత్ర వారంలో మేత్రాణులతో, అంటే బిషప్ గారితో, కలిసి ఫాదర్లందరూ తైలాలు ఆశీర్వదించే పూజ ఉంటుంది, అక్కడ వాళ్ళు గురుపట్టాభిషేకం రోజు చేసిన ప్రమాణాలు మళ్ళీ చేస్తారు, అప్పుడు మేత్రాణులు జనం వైపు తిరిగి మీ గురువుల కోసం ప్రార్థించండి, నా కోసం కూడా ప్రార్థించండి అని అడుగుతారు. 2013 మార్చి 13న, అది కూడా తపస్సు కాలమే, ఫ్రాన్సిస్ పాపుగారు ఎన్నికయ్యాక మొదటిసారి బయటికొచ్చి జనాన్ని దీవించే ముందు తన కోసం ప్రార్థన చెయ్యమని తల వంచి నిలబడ్డారు. వాళ్ళంతట వాళ్ళే అడుగుతున్నారు, మనకే వినపడట్లేదు.

ఈ శుక్రవారం సిలువ మార్గం మా బజారు వంతు. ఒక్కో స్థలం ఒక్కో ఇంటివాళ్ళు చదవాలి, మాకు అయిదోది వచ్చింది, సిరేనే సీమోను ప్రభువుకి సిలువ మొయ్యడంలో సాయం చేసేది. పొలం నుంచి వస్తున్న మనిషిని పట్టుకుని బలవంతంగా సిలువ మోయించారు. మా ఆయన కూడా ఆ వేళకి దాళ్వా చేనికి నీళ్ళు పెట్టి బురద కాళ్ళతో తిన్నగా అక్కడికే వస్తారు. సిలువ ముందు పట్టుకుని నడిచేది ఫాదర్ గారే, ఊరు చివరి గట్టు దాకా ఆయనే మోస్తారు ఎప్పుడూ. ఈసారి మా స్థలం నుంచి తర్వాతి స్థలం దాకా మేం పట్టుకుంటామని ఆయన్ని అడిగాం. "అలాగేనమ్మా" అన్నారు. మనవరాలు తనూ ఒక పక్క పట్టుకుంటానంటోంది.