తెరమీద అమ్మ కన్ను

లోపల అమ్మకి కంటి శుక్లం ఆపరేషన్. బయట గోడ టీవీలో అమ్మ కన్ను, పళ్లెమంత. చూడలేను, చూడకుండా ఉండలేను.

మూడు మిల్లీమీటర్లు కూడా లేని కోత. అందులోంచి సన్నటి సూది లోపలికెళ్లి, అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని పొడి చేసి పీల్చేస్తోంది. వెనకాలే పల్చటి పొర, మందం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. అది చిరిగితేనే తంటా. అందుకే డాక్టరు ముక్కల్ని ఒక్కొక్కటీ మధ్యకి లాక్కొచ్చి, పొరకి దూరంగా నలిపారు. అంతకుముందే లోపల జిగురులాంటి ద్రవం నింపారు, పరుపు వేసినట్టు.

1967లో ఇలా తొలి ఆపరేషన్ చేసిన కంటి డాక్టరు చార్లెస్ కెల్మన్‌కి ఈ ఆలోచన పళ్ల డాక్టరు కుర్చీలో తట్టిందట. పళ్ల డాక్టర్లంటే నాకు పడదు గానీ, ఇవాళ్టికి మాఫీ.

కుట్లు లేవు. బయటికొస్తూ అమ్మ, "ఇంకా మొదలెట్టలేదనుకున్నానే!" అంది.