లంక దగ్గర చప్పట్లు

పన్నెండు దాటింది, నిద్ర పట్టడం లేదు. ఆ చప్పట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

చిన్నోడు ఇవాళ పేచీ పెట్టకుండా చెరువు కట్ట దాకా నడిచాడు, అదే గొప్ప. చెరువు మధ్యలో లంక మీద చెట్లన్నీ గూళ్లే. పై కొమ్మ మీద ఓ నీటికాకి రెక్కలు బార్లా చాపి ఆరబెట్టుకుంటోంది. దాని ఈకలు తడిసిపోతాయి కాబట్టే అంత సులువుగా మునగగలదు, పైకొచ్చాక ఆరబెట్టుకోకా తప్పదు.

అంతలో వచ్చింది ఆ పడవ. సరాసరి కొమ్మల కిందికే పోనిచ్చారు. ఫోన్లు పైకెత్తి ఒకటే చప్పట్లు, ఈలలు. పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. వాళ్లకి వీడియో దొరికింది, కేరింతలు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈకలు రాని కొంగపిల్లలు ఎండకి తట్టుకోలేవు, తల్లో తండ్రో రెక్కలు విప్పి నీడ పట్టాలి. గుడ్ల మీద కూడా ఇద్దరూ వంతులేసుకుని కూర్చుంటారు. ఆ కాసేపూ గూళ్లలో పెద్దవి ఒక్కటీ లేవు. కాకులు దిగాయి. ఒకటి లేత నీలిపచ్చ గుడ్డుని పొడిచింది, సొన పుల్లల మీదుగా కారింది. కాకినేమంటాం! చుట్టూ నీళ్లుంటే పిల్లీ నక్కా రాలేవనే కదా కొంగలు లంకని ఎంచుకునేది. మనిషి పడవేసుకుని మరీ వెళ్లాడు.

పడవలే ఆపించెయ్యాలని ఇంటికొచ్చేదాకా అంటూనే ఉన్నాను. అన్నం పెడుతుంటే నాన్న గుర్తొచ్చారు. నాకు మొదటిసారి లంక చూపించింది పడవలోనే. నడిపే తాత చాలా దూరంలోనే తెడ్డు ఎత్తేశాడు. "ఇంకా ముందుకెళ్తే లేచిపోతాయమ్మా" అన్నాడు. కూర్చున్నాం. ఓ కొంగ గూట్లో వాలగానే పిల్ల దాని ముక్కు పట్టుకుని కిందికి లాగింది, చేప బయటికొచ్చేదాకా వదల్లేదు. మసక పడుతుంటే తెల్లకొంగలు గుంపులుగా ఇంటిముఖం పట్టాయి, రాత్రి కొంగలనే ఇంకో రకం క్వాక్ మంటూ వేటకి బయల్దేరాయి. ఒకే చెట్టు మీద రెండు షిఫ్టులు! నాన్న నా భుజం పట్టుకుని అటు చూడు, ఇటు చూడు అంటూనే ఉన్నారు. ఆ పడవ ఎక్కకపోతే నాకీ పిచ్చి పట్టేదే కాదు.

కాబట్టి పడవలు వద్దనను. గూళ్లున్నన్నాళ్లు లంకకి దూరంగా, చుట్టూ తాడు కట్టి తేలే డబ్బాలు వేస్తే చాలు, అది దాటొద్దని చెప్పాలి. రేపు పొద్దున్నే వెళ్లి పడవలవాళ్లని అడుగుతాను. "నీకెందుకే" అంటారు మా ఆయన. అననీ.