అన్నం అంటే భయపడే మా పాపతో

మాది కావలిలో మందుల షాపు. "పిల్లోడు అన్నం ముట్టడం లేదన్నా, ఆకలి టానిక్ ఏదన్నా ఇయ్యి" అని ఎవరో ఒకరు అడగని రోజు ఉండదు. వాళ్ళు అడిగేది ఎక్కువగా సైప్రోహెప్టడిన్ సిరప్. అది అసలు ఎలర్జీ మందు. దాంతో ఆకలి పెరుగుతుంది, మత్తూ వస్తుంది. డాక్టరు రాస్తే తప్ప నేను ఇవ్వను. ఇవ్వనన్నప్పుడు ఆ తల్లుల మొహంలో కనిపించే దిగులు ఎట్లా ఉంటుందో మా పాప వల్ల నాకూ తెలిసింది.

పాపకు మూడేళ్ళు దాటాక ఒక ఆదివారం చేప ముల్లు గొంతులో గుచ్చుకుంది. వట్టి అన్నం ముద్ద మింగిస్తే దిగిపోతుందని చుట్టుపక్కల వాళ్ళు అన్నారు. అట్లా చేస్తే ముల్లు ఇంకా లోపలికి దిగొచ్చు. నేరుగా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే సన్నటి పట్టకారుతో తీసేశారు. ముల్లు పోయింది గానీ భయం మిగిలిపోయింది. ముందు చేప మానేసింది. తర్వాత ముక్కలుండే కూరలు, ఆ తర్వాత పప్పు, చివరికి కరివేపాకు కనిపించిన ఏదైనా సరే వద్దంది. నాలుగేళ్ళు నిండేసరికి పెరుగన్నం, ఇడ్లీ, అప్పడం, పాలు, ఒకే రకం బిస్కెట్లు, ఇంతే. ఏది కొత్తగా పెట్టినా నోటికి చేయి అడ్డం పెట్టుకునేది. బలవంతం చేస్తే ఓకరించేది.

ఇంట్లో అందరికీ టెన్షనే. మా అమ్మకైతే మరీను. గిన్నె పట్టుకుని వీధంతా తిరుగుతూ "ఒక్క ముద్ద తల్లీ, ఇంకొక్క ముద్ద" అని బతిమాలేది. ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసేది. మనవరాలు కడుపు నిండా తినాలన్న ఆరాటం తప్ప ఆమెకు ఇంకేం లేదు. కానీ గిన్నె చప్పుడు వినపడగానే పాప మంచం కిందకు దూరడం చూశాక నాకు ఒకటి అర్థమైంది. ఇది మారాం కాదు, భయం. భయపడ్డ ఒంటికి ఆకలి వేయదు. మనకు టెన్షన్‌గా ఉన్నప్పుడు అన్నం సయించనట్టే పిల్లలకూ ఉంటుంది.

నెల్లూరులో పిల్లల డాక్టరుకు చూపించాం. ఆయన ముందు బరువు, ఎత్తు కొలిచి డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఎదుగుదల చార్టు మీద చుక్కలు పెట్టారు. నాలుగేళ్ళ ఆడపిల్లకు సగటు బరువు దాదాపు 16 కిలోలు, మా పాప పదమూడున్నర. "బక్కగా ఉంది గానీ తన గీత వెంటే పెరుగుతోంది, గీత దాటి కిందికి జారడం లేదు" అన్నారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 10 వచ్చింది. ఆ వయసుకు 11 కన్నా తక్కువైతే రక్తహీనత కిందే లెక్క. ఐరన్ తగ్గితే ఆకలి ఇంకా మందగిస్తుంది. అన్నం తినడం లేదని మేం పోసే పాలు రోజుకు ముక్కాలు లీటరు దాకా ఉండేవి. పాలతో కడుపు నిండిపోతుంది, పైగా పాలలో ఐరన్ చాలా తక్కువ. పాలు రెండు చిన్న గ్లాసులకు తగ్గించమన్నారు. ఐరన్ సిరప్ పాలతో కలిపి ఇవ్వొద్దన్నారు. మలబద్ధకం ఉంటే కూడా ఆకలి చచ్చిపోతుందని దానికీ మందు రాశారు. రెండు నుంచి ఆరేళ్ళ మధ్య కొత్త తిండిని అనుమానంగా చూడటం చాలామంది పిల్లల్లో మామూలే, అది దానంతట అదే తగ్గుతుంది. అయితే బరువు తగ్గుతున్నా, మింగేటప్పుడు పొలమారుతున్నా, తినే రకాలు రోజురోజుకూ రాలిపోతున్నా ఆగకూడదట. భయం వల్ల తిండి మరీ తగ్గిపోయి ఒంటికి చేటు చేస్తే దానికి ఆర్ఫిడ్ అని పేరుంది. 2013 నుంచి వైద్యులు దాన్ని వేరే జబ్బుగా గుర్తిస్తున్నారు. మా పాపది ఆ అంచున ఉందని ఒక థెరపిస్టు దగ్గరికి పంపారు. డబ్బు పెట్టలేని వాళ్ళకు ఒక మాట. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద పిల్లల ఎదుగుదల సమస్యలు ఉచితంగా చూస్తారు. అంగన్‌వాడీలోనో పీహెచ్‌సీలోనో అడిగితే ఎక్కడికి పోవాలో చెబుతారు.

ఆ థెరపిస్టు మేడమ్ చెప్పిన పద్ధతే మా ఇంటిని మార్చింది. ఎల్లిన్ శాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలు దాన్ని 1980లలో చెప్పారట. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దవాళ్ళ పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది బిడ్డ పని. విన్నప్పుడు తేలికే. కంచంలో అన్నం అట్లాగే వదిలేసి లేచిపోతుంటే నోరు మెదపకుండా కూర్చోవడం ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుస్తుంది.

మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి. ఒకదానికీ ఇంకోదానికీ రెండు మూడు గంటల ఎడం, ఆ ఎడంలో మంచినీళ్ళు తప్ప బిస్కెట్టు కూడా లేదు. ఫోన్ బంద్. అందరం కలిసి కింద కూర్చుని తింటాం. ప్రతి పూటా పాపకు అలవాటైనది ఒకటి కచ్చితంగా ఉండాలి, లేకపోతే ఆకలితో లేస్తుంది. దాని పక్కన మేం తినేదే కొంచెం, గోరంత. తినమని అడగం. తింటే చప్పట్లు కూడా కొట్టం. పొగడ్త కూడా బలవంతమేనని మేడమ్ అన్నప్పుడు నేను నమ్మలేదు. "శభాష్" అనగానే పాప బిగుసుకుపోవడం కళ్ళారా చూశాక నమ్మాను.

పక్కన ఇంకో చిన్న ప్లేటు పెట్టమన్నారు. కంచంలో వద్దనుకున్నది అందులో పెట్టేయొచ్చు. ఏడవక్కర్లేదు, దాక్కోనక్కర్లేదు. మొదట్లో ములక్కాడ ముక్క కంచంలో కనపడితే చాలు, చెంచాతో దూరంగా నెట్టి ప్లేటులోకి తోసేది. కొన్నాళ్ళకు వేలితో పట్టుకుని తోసింది. ఆ తర్వాత ఒక రాత్రి అప్పడం విరిచి, దాని అంచు పప్పుచారులో ముంచి, వాసన చూసి, నాలుక కొసతో తాకించి వెంటనే ప్లేటులో పెట్టేసింది. నేను, మా ఆవిడ మొహాలు చూసుకోలేదు, కరెంటు బిల్లు గురించి మాట్లాడుకుంటూ ఉండిపోయాం. లోపల మాత్రం గుండె దడదడలాడింది. కొత్త రుచి అలవాటు కావాలంటే పది పదిహేను సార్లు ఎదురు పడాల్సిందేనని, చూడటం, తాకడం, వాసన చూడటం కూడా లెక్కలోకే వస్తాయని ముందే విన్నాం కాబట్టి ఆగగలిగాం.

తెలిసిన దాని పక్కనుంచే కొత్తదానికి దారి వేయమన్నారు. ఇడ్లీ తింటుంది కాబట్టి ఇడ్లీ పిండితోనే చిన్న దిబ్బరొట్టె. అది ఒప్పుకున్నాక మెత్తటి తెల్ల దోశ. నెల్లూరు కారం దోశ దాకా రావాలంటే ఇంకా చాలా ఉంది, తొందరేం లేదు. ఓకరించడానికీ ఊపిరాడక పోవడానికీ తేడా కూడా నేర్పారు. ఓకరింపులో చప్పుడు ఉంటుంది, అది గొంతు తనను తాను కాపాడుకోవడం. ఊపిరాడకపోతే బిడ్డ నోట శబ్దం రాదు, అప్పుడు క్షణం ఆగకూడదు. ఈ తేడా తెలిశాక ఇంట్లో అందరి గాభరా తగ్గింది.

మా అమ్మను ఒప్పించడమే అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పట్టింది. "ఆకలికి మాడ్చి పెడతారేందిరా బిడ్డను" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మాటలతో ఆమె మారలేదు, పని అప్పజెబితే మారింది. పాపను పక్కన కూర్చోబెట్టుకుని గోంగూర గిల్లడం, చిక్కుళ్ళు ఒలవడం జేజి పనిగా పెట్టాం. తినడం గురించి మాట ఉండదు, కథలే. కూర వండక ముందే పాప చేతులు దాన్ని పట్టుకుని చూస్తున్నాయి. ఇప్పుడు వీధిలో ఎవరన్నా "ఏంది, ఇట్లా ఎండిపోయింది పిల్ల" అంటే "దాని ముందర ఆ మాట ఎత్తబాకండి" అని ముందు అడ్డం పడేది మా అమ్మే.

ఇప్పుడు పప్పుచారు అన్నం, కోడిగుడ్డు తెల్లసొన, దోశ, అరటిపండు, చక్కెరకేళి అయితే ఇంకా ఇష్టంగా, తింటోంది. హిమోగ్లోబిన్ 11 దాటింది. చేప ఊసు మేం ఎత్తడం లేదు. మేం పులుసు తినేటప్పుడు పాప అదే చాప మీద కూర్చుంటోంది, అంతవరకు చాలు.

వచ్చే జూన్‌లో ఒకటో తరగతి. క్యారేజీ ఖాళీ చేసేదాకా పిల్లల్ని లేవనివ్వని బళ్ళు ఉన్నాయి కాబట్టి అడ్మిషన్ అప్పుడే టీచరమ్మతో కూర్చుని మాట్లాడాలనుకుంటున్నాం. మిగిల్చినా ఏమీ అనొద్దని, పక్క పిల్లలతో పోల్చొద్దని, క్యారేజీలో ఏం పెట్టాలో మాకు వదిలేయమని. డాక్టరు దగ్గర రెండు లైన్లు రాయించుకుని పెట్టుకున్నాం, అడిగితే చూపించడానికి.